పదికి పది: ఆరోగ్యాహారపు పట్టింపును కొలవడం ఎలా?

‘ఆరోగ్యమే మహాభాగ్యం’ అన్న మాటను మనం ఒకటో తరగతి నుంచి వింటున్నాం. దాని మీద అసెంబ్లీలో ప్రసంగాలు చేశాం, చార్టులు గీశాం, నినాదాలు రాశాం. ఆ మాటలో అబద్ధం లేదు. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి, మగపిల్లల్లో 31.1 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి ఏం తింటున్నామో చూసుకోవడం అవసరమే.

అయితే ఆ చూసుకోవడమే ఒక బాధగా మారవచ్చా? మారితే, మంచి అలవాటు ఎక్కడ ఆగింది, బాధ ఎక్కడ మొదలైంది అని కొలవడం ఎలా? ఈ పాఠంలో మనం తెలుసుకోబోయేది ఇదే. మేము మొదట తప్పుగా కొలిచాం. అందుకే ఆ తప్పుతోనే మొదలుపెడుతున్నాం.

మా మొదటి ప్రశ్నపత్రం

పోయిన సెప్టెంబరులో పోషణ మాసం జరుపుకున్నప్పుడు మేము నలుగురం కలిసి మా తరగతి కోసం పది ప్రశ్నలు తయారుచేశాం. బయట తిండి మానేశావా? ప్యాకెట్ వెనక రాసింది చదువుతావా? చక్కెర తగ్గించావా? నూనెలో వేయించినవి వద్దంటావా? ఇలాంటివే అన్నీ. అవును అంటే ఒక మార్కు, కాదంటే సున్నా. ఎవరికి ఎక్కువ మార్కులు వస్తే వారికి ‘ఆరోగ్య మిత్ర’ బ్యాడ్జి.

మా అందరిలో ఒకే ఒక్క అమ్మాయికి పదికి పది వచ్చాయి. బ్యాడ్జి పెట్టాం, చప్పట్లు కొట్టాం. మరునాడు అసెంబ్లీలో ఆమెను ఆదర్శంగా తీసుకోమని అందరికీ చెప్పారు.

ఆ అమ్మాయి మా స్నేహితురాలే. ఆమె అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాం. వాళ్ల నాన్నగారికి బదిలీ అయి, ఆ ఏడాది ఏప్రిల్‌లో మా బడికి వచ్చింది. వచ్చిన మొదటి వారంలోనే మాతో కలిసిపోయింది. ఎలాగంటారా? మీకందరికీ తెలిసిన దారిలోనే, టిఫిన్ డబ్బాతో. ఒకరి పరాఠా, ఒకరి పోహా, ఒకరి పులిహోర. కొత్త బడిలో భాష రాకపోయినా డబ్బా మూత తీస్తే చాలు, పక్కవాళ్లు పలకరిస్తారు.

జూలై వచ్చేసరికి ఆమె చక్కెర మానేసింది. మంచిదే అనుకున్నాం. తరువాత కొన్నవన్నీ మానేసింది. తరువాత నూనె మానేసింది. తరువాత ఇంకొకరి ఇంట్లో వండింది ముట్టడం మానేసింది. చివరికి భోజనం గంటలో మా బెంచీ దగ్గరికి రావడమే మానేసి, గ్రంథాలయంలో కూర్చునేది. మేము ఆ పది మార్కులు ఇచ్చినప్పుడు ఆమె అప్పటికే ఒంటరిగా తింటోంది. మా ప్రశ్నపత్రంలో దాని గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు.

విహారయాత్రకు ఆమె రాలేదు. అక్కడ ఏం పెడతారో తెలియదని రాలేదట. ఒక పుట్టినరోజున బలవంతం మీద చిన్న కేకు ముక్క తిన్నందుకు ఆ రాత్రంతా ఏడ్చిందని, మరునాడు ఏమీ తినలేదని వాళ్ల అమ్మగారు మాకు తరువాత చెప్పారు. అప్పుడు గానీ మాకు తెలియలేదు, మేము బ్యాడ్జి ఇచ్చింది ఆరోగ్యానికి కాదని.

దీనికి ఒక పేరుంది

మా మనోవిజ్ఞానం మేడం మాకు ఒక పదం చెప్పారు: ఆర్థోరెక్సియా. గ్రీకు భాషలో ఆర్థోస్ అంటే సరైనది, ఒరెక్సిస్ అంటే ఆకలి లేక తినాలన్న కోరిక. సరైనదే తినాలన్న కోరిక మితిమీరి మనిషిని పట్టి ఉంచితే ఆ స్థితిని ఈ పేరుతో పిలుస్తారు. ఈ మాటను తయారుచేసినవారు స్టీవెన్ బ్రాట్‌మన్ అనే అమెరికన్ వైద్యుడు. 1997లో ఆయన రాసిన వ్యాసంతో ఇది నలుగురికీ తెలిసింది. ఆయన వైద్యుడు కాకముందు 1970లలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక సమష్టి నివాసంలో వంట చేశారు, ఎరువుల మందులు లేని వ్యవసాయం చేశారు. అంటే ఆరోగ్యాహారాన్ని దూరం నుంచి విమర్శించిన మనిషి కాదు. అందులో మునిగి తేలిన మనిషి.

తెలుగులో దీనికి స్థిరపడిన పేరు ఇంకా లేదు. కానీ ‘పట్టింపు’ అన్న చక్కని మాట మనకుంది. కాబట్టి ఈ పాఠంలో దీన్ని ‘ఆరోగ్యాహారపు అతి పట్టింపు’ అని పిలుద్దాం.

అనోరెక్సియా అనే మరో ఆహార రుగ్మత గురించి మీరు విని ఉంటారు. అందులో భయం ముఖ్యంగా బరువు గురించి, ఎంత తిన్నామన్న దాని గురించి. అతి పట్టింపులో భయం ముఖ్యంగా తిండి శుద్ధి గురించి, ఏం తిన్నామన్న దాని గురించి. కొందరిలో రెండూ కలిసి ఉండవచ్చు.

ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో తెచ్చిన రుగ్మతల పట్టిక ఐదవ కూర్పులో గానీ, 2022 నుంచి అమలులో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ పదకొండవ పట్టికలో గానీ దీనికి విడిగా స్థానం లేదు. నిపుణులు దీన్ని ఇంకా పరిశీలిస్తున్నారు. అలా స్థానం దొరకకపోవడానికి ఉన్న కారణాల్లో ఒకటి మన పాఠంలోని ప్రశ్నే: దీన్ని సరిగ్గా కొలవడం ఎలా?

కొలబద్దల కథ

మనసులో ఉన్నదాన్ని కొలవడానికి త్రాసు ఉండదు, టేపు ఉండదు. ప్రశ్నలే కొలబద్ద. ఆ ప్రశ్నల సమూహాన్ని మాపని అంటారు.

మొదటిది బ్రాట్‌మన్ గారిదే. 2000లో వచ్చిన పుస్తకంలో ఆయన పది ప్రశ్నలు ఇచ్చారు. అవును, కాదు అని జవాబు చెప్పాలి. అది ఎవరికి వారు ఆలోచించుకోవడానికి పనికివచ్చేదే గానీ, లెక్కప్రకారం పరీక్షించి నిలబెట్టిన మాపని కాదు.

తరువాత ఇటలీలోని రోమ్ నగరంలో దోనీనీ, ఆయన సహచరులు ‘ఆర్టో–15’ అనే మాపని తయారుచేసి 2005లో ప్రచురించారు. ఇందులో 15 ప్రశ్నలు. ప్రతి ప్రశ్నకూ ఎప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు, ఎన్నడూ లేదు అనే నాలుగు జవాబులు. ఒక్కొక్క దానికి 1 నుంచి 4 మార్కులు. మొత్తం 15 నుంచి 60 వరకు రావచ్చు. 40 కంటే తగ్గితే అతి పట్టింపు ఉన్నట్టు లెక్క. మన పరీక్షలకు ఇది తలకిందులు, గమనించండి. ఇక్కడ మార్కులు తగ్గిన కొద్దీ సమస్య ఎక్కువ.

ప్రపంచమంతటా విద్యార్థుల మీద ఎక్కువగా వాడింది ఈ మాపనినే. చిక్కు కూడా ఇక్కడే వచ్చింది.

71 శాతమా, 1 శాతమా?

2017లో అమెరికాలో 275 మంది కళాశాల విద్యార్థులపై చేసిన ఒక అధ్యయనం వెలువడింది. ఆర్టో–15 ప్రకారం చూస్తే వారిలో 71 శాతం మంది 40 కంటే తక్కువ మార్కుల్లో ఉన్నారు. అంటే సుమారు 195 మంది. నలుగురు విద్యార్థుల్లో ముగ్గురికి దగ్గర దగ్గరగా జబ్బు ఉన్నట్టన్నమాట!

పరిశోధకులు అక్కడ ఆగలేదు. ఆ పట్టింపు వల్ల మీ చదువుకు, స్నేహాలకు, ఆరోగ్యానికి ఏమైనా నష్టం జరిగిందా అన్న కోణంలో కూడా చూశారు. అప్పుడు లెక్క 1 శాతం కంటే తక్కువకు దిగింది. 275 మందిలో 1 శాతం అంటే ముగ్గురు కూడా కారు.

విద్యార్థులు వాళ్లే, కాలం అదే. ఒక కొలతలో 195 మంది, ఇంకో కొలతలో ముగ్గురి లోపు. ఇంత తేడా ఎందుకు వచ్చింది?

ఆర్టో–15లోని కొన్ని ప్రశ్నలను చూస్తే తెలుస్తుంది. ఆరోగ్యకరమైన ఆహారం కోసం ఎక్కువ డబ్బు ఖర్చు పెట్టడానికి సిద్ధమేనా అన్నది అందులో ఒక ప్రశ్న. మన ఇళ్లలో ఏ అమ్మనడిగినా అవుననే అంటుంది. అది జాగ్రత్త. జాగ్రత్తనూ బాధనూ ఒకే గంపలో వేసి తూచితే, తూకం ఎక్కువే వస్తుంది. తరువాతి కాలంలో దోనీనీ గారు కూడా పాలుపంచుకున్న సవరణలో 15 ప్రశ్నల్లో ఆరింటినే ఉంచారు.

రెండు ముఖ్యమైన మాటలు

ఇక్కడ మనోవిజ్ఞానంలోని రెండు మాటలు నేర్చుకుందాం.

విశ్వసనీయత: ఒకే మనిషిని మళ్లీ కొలిచినా కొలత దాదాపు ఒకేలా రావడం.

సప్రమాణత: మనం దేన్ని కొలవాలనుకున్నామో దాన్నే కొలవడం.

ఒక ఉదాహరణ. జ్వరం వచ్చిన పిల్లవాణ్ని ఎత్తు కొలిచే టేపుతో పదిసార్లు కొలిచాం అనుకోండి. పదిసార్లూ 152 సెంటీమీటర్లే వస్తుంది. కొలతకు విశ్వసనీయత ఉంది. కానీ జ్వరం సంగతి? ఒక్క ముక్క తెలియలేదు. సప్రమాణత లేదు. మా మొదటి ప్రశ్నపత్రం అలాంటి టేపే.

మాపని ఒక భాష నుంచి ఇంకో భాషకు వెళ్లినా సప్రమాణత మళ్లీ పరీక్షించాలి. ఆర్టో–15ను టర్కీ భాషలోకి తెచ్చినప్పుడు 15లో 11 ప్రశ్నలే నిలిచాయి. మన సంగతి చూడండి. మన తరగతి గదుల్లో ఎన్ని భాషలు! ‘పథ్యం’ అంటే తెలుగు ఇంట్లో జబ్బుపడినప్పుడు వైద్యులు చెప్పిన తిండి. ‘మడి’ అంటే ఆచారం. ఈ రెండింటినీ ‘తిండి నియమం’ అని ఒకే మాటలోకి దించి ప్రశ్న రాస్తే, జవాబు చెప్పేవారు దేని గురించి చెబుతున్నారో మనకు తెలియదు.

ఇద్దరు విద్యార్థులు, ఒకే మార్కు

మా తరగతిలో ఒక అబ్బాయికి గోధుమ పడదు. దాన్ని సీలియాక్ వ్యాధి అంటారు. వాడు ప్రతి ప్యాకెట్ వెనక రాసింది చదువుతాడు, బయట తినేముందు నాలుగు ప్రశ్నలు అడుగుతాడు, రేపటి డబ్బాలో ఏముండాలో ఈరోజే అనుకుంటాడు. మా ప్రశ్నపత్రంలో వాడికీ మంచి మార్కులే వచ్చాయి. ఆర్టో–15 లాంటి మాపనిలో వాడు అతి పట్టింపు వైపు వెళ్లే అవకాశముంది.

కానీ విహారయాత్రకు వాడే ముందు బస్సెక్కాడు. అన్నం, పప్పు డబ్బాలో తెచ్చుకుని, మా మధ్యే కూర్చుని, మా పూరీలను చూసి నవ్వుతూ తిన్నాడు. తిన్నాక దాని గురించి మరచిపోయాడు.

మా స్నేహితురాలు ఆ రోజు ఇంట్లో ఉంది.

మా మామ్మ మడి కట్టుకుని వండుతుంది. ఏకాదశికి ఉపవాసం ఉంటుంది. మా జైన మిత్రుల ఇళ్లలో పొద్దుగూకాక తినరు. రంజాన్ నెలలో మా ముస్లిం మిత్రులు పగలంతా నీళ్లు కూడా ముట్టరు. వీళ్లందరికీ గట్టి నియమాలున్నాయి. అయినా మామ్మ ఉపవాసం ఉన్న రోజునే ఇంటికి వచ్చినవాళ్లకు పదిరకాలు వండి పెడుతుంది. ఇఫ్తార్‌కు మమ్మల్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటారు. నియమం ఉండడం రోగం కాదు. ఆ నియమం మనిషిని పదిమందిలో ఉంచుతోందా, పదిమందిలోంచి విడదీస్తోందా అన్నదే చూడాలి.

స్పెయిన్‌లో తయారైన ‘తెరువెల్’ మాపని ఈ తేడానే పట్టుకుంది. అందులోని 17 ప్రశ్నలు రెండు భాగాలు. ఒక భాగం ఆరోగ్యాహారం మీద ఉన్న మంచి ఆసక్తిని కొలుస్తుంది. రెండో భాగం దానివల్ల కలిగే బాధను, నష్టాన్ని కొలుస్తుంది. రెండు మార్కులనూ కలపరు. మొదటిదానిలో ఎక్కువ వచ్చినంత మాత్రాన కంగారుపడనక్కరలేదు.

మేము తిరిగి రాసిన ప్రశ్నలు

ఇది తెలుసుకున్నాక మా పాత ప్రశ్నలు ఒక్కొక్కటిగా తీసి, పక్కన కొత్తవి రాసుకున్నాం.

‘బయట తిండి మానేశావా?’ అన్నదాని బదులు: స్నేహితులు పిలిచినప్పుడు తిండి భయంతో వెళ్లకుండా ఆగిపోయావా?

‘ప్యాకెట్ వెనక రాసింది చదువుతావా?’ అన్నదాని బదులు: తిండి గురించిన ఆలోచనలు చదువుకునేటప్పుడు, నిద్రపోయేటప్పుడు అడ్డుపడుతున్నాయా?

‘చక్కెర తగ్గించావా?’ అన్నదాని బదులు: నువ్వు పెట్టుకున్న నియమం ఒకసారి తప్పితే నీ మీద నీకే అసహ్యం కలుగుతోందా? దానికి శిక్షగా తరువాతి పూట మానేస్తున్నావా?

‘నూనెలో వేయించినవి వద్దంటావా?’ అన్నదాని బదులు: తినకూడదనుకునే వాటి జాబితా నెలనెలా పెరుగుతూ పోతోందా?

‘నీ తిండి మంచిదని అనుకుంటున్నావా?’ అన్నదాని బదులు: నీలా తినని ఇంట్లోవాళ్లను, స్నేహితులను తక్కువగా చూస్తున్నావా?

తేడా గమనించారా? పాత ప్రశ్నలు పళ్లెం గురించి అడిగాయి. కొత్తవి మనిషి గురించి అడుగుతున్నాయి.

కొలిచేవారు పాటించాల్సినవి

కొత్త ప్రశ్నలు రాశాక వాటిని బడి అంతటా పంచి, శాతాలు కట్టి, గ్రాఫు గీయాలని మాకు ఉబలాటం కలిగింది. మేడం ఆపారు. ‘ఒకరు అవునని రాశారనుకో, ఆ తరువాత ఏం చేస్తారు?’ అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు అడగకూడదని ఆరోజు తెలిసింది.

ఆమె చెప్పినవి ఇవి. ప్రశ్నపత్రం జబ్బును నిర్ధారించదు, అది వైద్యుల పని. పిల్లలను అడగాలంటే ప్రిన్సిపాల్ గారి, తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. పేర్లు రాయించకూడదు, మార్కులు బయట చదవకూడదు. బరువు అడగకూడదు, పోల్చకూడదు. ఎవరికి సహాయం కావాలన్నా ఎవరి దగ్గరికి పంపాలో ముందే తెలిసి ఉండాలి. అందుకే మేము సర్వే చేయలేదు. ప్రశ్నలను మాత్రం ఇక్కడ ఇస్తున్నాం, ఎవరికి వారు మనసులో చదువుకోవడానికి.

మనకు ఇది ఎందుకు ముఖ్యం?

మా స్నేహితురాలు ఇప్పుడు వైద్యుల సలహా తీసుకుంటోంది, కౌన్సెలర్‌తో మాట్లాడుతోంది. పరీక్ష చేస్తే రక్తహీనత బయటపడింది. అన్నిటికంటే ఆరోగ్యంగా తినాలనుకున్న మనిషికి రక్తహీనత! హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో మొట్టమొదటిది రకరకాల ఆహారం తినమన్నదే. ఒక్కొక్కటీ తీసేసుకుంటూ పోతే ఆ రకరకాలు మిగలవు.

మేము ఒకరోజు ఆమెను అడిగాం, ఎందుకలా చేశావని. ఆమె చెప్పింది:

“ఇది నా ఐదో బడి. ఊరు నా చేతిలో లేదు. ఇల్లు నా చేతిలో లేదు. స్నేహితులు ఎవరవుతారో, ఎన్నాళ్లుంటారో నా చేతిలో లేదు. నా నోట్లోకి వెళ్లేది ఒక్కటే నా చేతిలో ఉందనిపించింది.”

ఈ పత్రిక చదువుతున్న మనలో చాలామందికి ఈ మాట వివరించి చెప్పనక్కరలేదు. ప్రతి మూడు నాలుగేళ్లకూ మనం సామాన్లు కట్టుకుంటాం. కొత్త నీళ్లు, కొత్త బియ్యం, కొత్త బెంచీ. ఏదో ఒకటి మన అదుపులో ఉండాలనుకోవడం తప్పు కాదు. కానీ అదుపు కోసం పట్టుకున్నదే మనల్ని పట్టుకుంటే, కొత్త ఊరిలో మనకు తోడుగా దొరికే ఆ నలుగురూ కూడా దూరమవుతారు.

అందుకే ఒక విన్నపం. మీ పక్కన కూర్చునేవారు భోజనం గంటలో కనిపించకపోతే, డబ్బాలో ఏముందని కాదు, ఎక్కడున్నారని అడగండి. ఎగతాళి చేయకండి, బలవంతంగా తినిపించకండి, మాలాగా చప్పట్లూ కొట్టకండి. పక్కన కూర్చోండి. మీకే అలా ఉంటే అమ్మానాన్నలకు, నమ్మకమున్న టీచరుకు చెప్పండి. టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులో కూడా మాట్లాడవచ్చు. ఊరు మారినా ఆ నంబరు మారదు.

‘ఆరోగ్య మిత్ర’ బ్యాడ్జిని ఆమె మాకు తిరిగి ఇచ్చేసింది. మేము ఇంకెవరికీ పెట్టలేదు. మొన్న శుక్రవారం ఆమె మా బెంచీ దగ్గరికి వచ్చి కూర్చుంది. కాసేపు ఊరుకుని, “మీ పులిహోర ఒక ముద్ద పెట్టవే” అంది. ఒక ముద్దే తింది. ఆ ముద్దకు ఎన్ని మార్కులని మేము లెక్కవేయలేదు.

ఆలోచించండి

1. విశ్వసనీయత ఉండి సప్రమాణత లేని కొలతకు మీ ఇంటి నుంచి ఒక ఉదాహరణ చెప్పండి.

2. ఒకే 275 మందిలో రెండు కొలతలకు ఇంత తేడా ఎందుకు వచ్చిందో మీ మాటల్లో రాయండి.

3. మీరు చదివిన బడులలో భోజనం గంట ఎలా ఉండేది? మొదట మీకు డబ్బా చాపిన స్నేహితుని గురించి ఐదు వాక్యాలు రాయండి.